చదివే గుమాస్తా

గత నెలలో మా సెక్షన్‌లోని పెద్దాయన ఒకరు పదవీ విరమణ చేశారు. శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు, అయిదారుగురు మాట్లాడారు, చివర్న మైసూరుపాకు, మిక్చరు, టీ. ముప్పయ్యేళ్ళకు పైగా బిల్లులనూ చట్టాలనూ తెలుగు చేస్తూ గడిపిన మనిషి ఆయన. ఇంటి దగ్గర తీరిక దొరికినప్పుడల్లా మేఘసందేశాన్ని తెలుగు పద్యాల్లోకి మారుస్తున్నారన్న సంగతి మాలో కొద్దిమందికే తెలుసు. ఆ కొద్దిమందిలో ఒకరు మైకు అందుకుని, “ఈ ఉద్యోగమే లేకపోతే ఈయన ఎంతటి కవి అయి ఉండేవారో! ఫైళ్ళు ఒక కవిని మింగేశాయి” అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. పెద్దాయన మాత్రం శాలువా అంచు సర్దుకుంటూ తల వంచుకుని కూర్చున్నారు.

నేనూ చప్పట్లు కొట్టాను. బస్సులో ఇంటికి వస్తున్నప్పుడు మాత్రం ఆ మాట గుచ్చుకోవడం మొదలుపెట్టింది. ఉద్యోగం చేసుకుంటూ కావ్యాలు అనువదించిన వాళ్ళ గురించి మనం ఎప్పుడు మాట్లాడినా ఇదే పాట పాడతాం. పగలంతా గుమాస్తాగిరీ అనే శిక్ష, రాత్రి దొరికిన గంటసేపట్లో కవిత్వమనే విడుదల. ఈ లెక్కలో ఉద్యోగానికీ అనువాదానికీ మధ్య శత్రుత్వం తప్ప మరో సంబంధం ఉండదు. నేను పంతొమ్మిదేళ్ళుగా అదే పని చేస్తున్నాను, రాత్రిళ్ళు నాకూ ఒక కావ్యం ఉంది. నా అనుభవం ఆ పాటకు తాళం వేయదు. అయితే నా అనుభవాన్ని సాక్ష్యంగా నిలబెట్టడం నాకే నచ్చదు కాబట్టి, కొన్నేళ్ళుగా నేను చదువుతూ వస్తున్న మరో గుమాస్తాను పిలుస్తాను. ఆయన పేరు విలియం స్టూవర్ట్ రోజ్. 1800 నుంచి 1824 దాకా లండన్‌లో ప్రభువుల సభకు, అంటే బ్రిటన్ పార్లమెంటు పై సభకు, రీడింగ్ క్లర్కు. ఆరియోస్తో ఇటాలియన్ మహాకావ్యం ‘ఓర్లాండో ఫురియోసో’ను ఎనిమిది సంపుటాల్లో ఇంగ్లీషు పద్యాలుగా దించిన మనిషి.

నాన్నగారి ఉద్యోగం

ముందే చెప్పవలసిన విషయం ఒకటుంది. రోజ్ ఉద్యోగం పరీక్ష రాసి తెచ్చుకున్నది కాదు. తండ్రి జార్జ్ రోజ్ ప్రధానమంత్రి విలియం పిట్‌కు కుడిభుజం, ట్రెజరీ కార్యదర్శి. దేశంలో బాప్తిస్మాలనూ పెళ్ళిళ్ళనూ ఖననాలనూ చర్చి రిజిస్టర్లలో అచ్చు ఫారాల మీద నమోదు చేయాలన్న 1812 నాటి చట్టం ఆయన పేరుతోనే ప్రసిద్ధం. ఆయన 1788 నుంచి ‘క్లర్క్ ఆఫ్ ద పార్లమెంట్స్’ కూడా. అంటే ప్రభువుల సభ కార్యాలయానికి అధిపతి. కానీ అదే సమయంలో ఆయన కామన్స్ సభలో సభ్యుడు కూడా కావడంతో ఇక్కడి పని కింది ఉద్యోగి చేసేవాడు, జీతం మాత్రం ఈయనకు అందేది. 1818లో ఆయన పోయాక ఆ పదవి పెద్దకొడుకు జార్జ్ హెన్రీకి వెళ్ళింది. రెండో కొడుకు విలియం 1775లో పుట్టాడు, ఇరవయ్యొక్క ఏళ్ళకే క్రైస్ట్‌చర్చ్ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు, నాలుగేళ్ళ తరవాత ఆ సభ్యత్వం వదిలి ప్రభువుల సభలో రీడింగ్ క్లర్కుగా, ప్రైవేటు కమిటీల క్లర్కుగా చేరాడు. ఒక కార్యాలయంలో తండ్రీ ఇద్దరు కొడుకులూ! మన ఊళ్ళలో కరణీకాలు నడిచిన తీరు తెలిసినవాళ్ళకు ఇందులో వింత ఏమీ కనిపించదు.

అప్పటి పత్రికా రచయిత విలియం కాబెట్ ఇలాంటి పదవుల మీద నిప్పులు చెరిగేవాడు. ప్రజాధనం తినే పెద్దల గురించి రాసినప్పుడల్లా ఆయన పేరు పెట్టి తిట్టిన వాళ్ళలో జార్జ్ రోజ్ ఒకడు. నాకు కాబెట్ కోపం న్యాయమైనదిగానే అనిపిస్తుంది. రోజ్ అనువాదాన్ని ఇష్టపడుతున్నాను గనుక ఆ డబ్బు ఎక్కడ నుంచి వచ్చిందో మరిచిపోతాను అంటే, మా ఆఫీసులో ఎవరిదో సిఫార్సు మీద వచ్చి కూర్చున్న కుర్రాడిని చూసి నేను పళ్ళు కొరకడానికి అర్థం ఉండదు. ఈ మచ్చను పక్కన పెట్టలేను, దాన్ని మోసుకుంటూనే ముందుకు వెళ్ళాలి.

ఒక్క మాట తండ్రికీ కొడుక్కీ మధ్య తేడాగా చెప్పవచ్చు. రీడింగ్ క్లర్కు పేరుకు తగ్గట్టు చదవాలి. బిల్లులు, పిటిషన్లు, సభ్యుడిగా వచ్చిన ప్రభువుకు రాజు పంపిన పిలుపు పత్రాలు, ఇవన్నీ ఆయన నోటి మీదుగా సభకు చేరాలి. ప్రైవేటు బిల్లుల కమిటీలంటే ఆ కాలంలో ఊరి పచ్చికబయళ్ళకు కంచెలు వేసే చట్టాలు, టోల్ రోడ్లు, కాలవలు. విడాకులు కూడా అప్పట్లో ఒక్కో జంటకు ఒక్కో ప్రైవేటు చట్టంగా ప్రభువుల సభలోనే మొదలయ్యేవి, 1857 దాకా అదే పద్ధతి. భార్య మీదా, ఆమెతో సంబంధం అంటగట్టిన పెద్దమనిషి మీదా భర్త చేసిన ఆరోపణలు సాక్షుల చేత పలికించి రికార్డు చేసే చోటది. ఆరియోస్తో ఇరవై ఎనిమిదో సర్గ చదివినవాళ్ళకు ఇక్కడ నవ్వొస్తుంది. భార్యల పాతివ్రత్యం మీద ఒక సత్రం యజమాని చెప్పే కొంటె కథ అది. కవే ముందుగా, ‘ఈ సర్గ వదిలేయండి, ఇది లేకపోయినా కథకు లోటు లేదు’ అని ఆడవాళ్ళకు మనవి చేసుకుంటాడు. ఆ మనవి విని వదిలేసిన వాళ్ళు ఎవరూ ఉండరని ఆయనకు తెలుసు.

కామా కథ

నా సొంత సంగతి ఒకటి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక బిల్లు తెలుగు చేస్తూ, ‘అధికారి విచారణ జరుపవచ్చును’ అన్న వాక్యం చప్పగా ఉందనిపించి, ‘అధికారి విచారణ జరుపును’ అని బిగించాను. మా పై అధికారి, ఇప్పుడు లేరాయన, ఆ ప్రూఫును ఎర్రపెన్సిలుతో చుట్టి నన్ను పిలిచి, “నీ తెలుగు బాగుందయ్యా, చట్టం మారిపోయింది” అన్నారు. జరుపవచ్చును అంటే అధికారికి ఇష్టం ఉంటే. జరుపును అంటే తప్పదు. నా చెవికి నచ్చిన చిన్న మార్పుకు ఊరూరా అధికారుల మెడ మీద ఒక విధి వచ్చి పడేది. ఆ తరవాత కామాల దగ్గర, ‘మరియు’ల దగ్గర, ‘లేదా’ల దగ్గర నా చెయ్యి తనంత తానే ఆగడం నేర్చుకుంది.

కవిత్వానికి ఈ అలవాటు ఎందుకూ పనికిరాదని చాలామంది అంటారు. నేను కూడా కొంతకాలం అలాగే అనుకున్నాను. ఆరియోస్తో మొదటి రెండు పాదాలను రోజ్ ఎలా దించాడో చూశాక అభిప్రాయం మార్చుకున్నాను. మూలంలో మొదటి పాదం ‘లె దొన్నె, ఇ కవాల్యేర్, లార్మె, ల్యి అమోరి’. స్త్రీలు, వీరులు, ఆయుధాలు, వలపులు. రెండో పాదంలో మర్యాదలు, సాహసకార్యాలు, ఆ తరవాత ‘పాడుతున్నాను’ అన్న క్రియ. మొత్తం ఆరు వస్తువులు. రోజ్ రెండు పాదాల్లో లెక్కపెట్టి చూడండి, ఆరూ ఉన్నాయి. ఒక్కటి జారిపోలేదు, ఏడోది చేరలేదు. అంతకు ముందు 1591లో సర్ జాన్ హారింగ్టన్ ఈ కావ్యాన్ని ఇంగ్లీషు చేసినప్పుడు ఇష్టమున్న చోట కుదించాడు, ఇష్టమున్న చోట పెంచాడు, తన కాలపు కబుర్లు కలిపాడు. చదవడానికి సరదాగా ఉంటుంది, కానీ అందులో ఎంత ఆరియోస్తోదో ఎంత హారింగ్టన్‌దో విడదీయడం కష్టం. రోజ్ దగ్గర ఆ ఇబ్బంది లేదు. 46 సర్గలు, 4,842 చరణాలు, ఎనిమిదేసి పాదాల చొప్పున 38,736 పాదాలున్న కావ్యాన్ని మూలంలోని ప్రాసల అమరికతోనే, అంటే ఆరు పాదాల్లో రెండు ప్రాసలు మార్చి మార్చి వచ్చి చివరి రెండు పాదాలు వేరే జంటప్రాసతో ముగిసే పద్ధతిలోనే, ఆ పొడవునా నడిపాడు. 1823లో మొదటి సంపుటం వచ్చింది, 1831లో చివరిది.

ఆ మొదటి పాదంలోనే ఇంకొకటి కూడా కనబడుతుంది. ఆరియోస్తో స్త్రీలతో మొదలుపెట్టి వలపులతో ముగించాడు, వీరులనూ ఆయుధాలనూ మధ్యలో దాచాడు. ప్రేమ రెండు చేతులా యుద్ధాన్ని కౌగిలించుకున్నట్టు ఉంటుంది ఆ పాదం. రోజ్ అదే సామగ్రిని ‘వలపులు, స్త్రీలు; వీరులు, ఆయుధాలు’ అని జంటలు కట్టి వరుసలో నిలబెట్టాడు. ఫైలు సర్దినట్టు! అన్నీ ఉన్నాయి, దేని పక్కన ఏది ఉండాలో అదీ ఉంది, కౌగిలి మాత్రం విడిపోయింది. ఆరియోస్తో కూడా ఈ పాదాన్ని ఒక్కసారికే పట్టుకోలేదు. 1516 నాటి మొదటి ప్రచురణలో అది ‘స్త్రీల, వీరుల పురాతన వలపులు’ అనే అర్థంతో నేలబారుగా ఉంది. 1532 నాటి చివరి ప్రచురణకు గాని ఇప్పటి రూపం రాలేదు. ఈ 1516 అన్న అంకె చూసినప్పుడల్లా నాకు సింహాచలం గుర్తుకొస్తుంది. కళింగ దండయాత్రలో ఉన్న కృష్ణదేవరాయలు అక్కడ శాసనం వేయించిన ఏడు అదే. ఇటలీలోని ఫెర్రారాలో అచ్చుయంత్రం మీద ఆరియోస్తో, విజయనగరంలో పెద్దన. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు గానీ ఒకే ఎండ కింద రాశారు.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది. రోజ్ అనువాదంలోని బలమూ లోపమూ రెండూ ఆయన కూర్చున్న కుర్చీలోంచి వచ్చాయి. ఇరవై నాలుగేళ్ళ పాటు ఎదుటివాడి మాటను, తనకు నచ్చినా నచ్చకపోయినా, ఒక్క అక్షరం కలపకుండా, ఒక్క అక్షరం మింగకుండా గట్టిగా చదివిన గొంతు అది. అలాంటి గొంతుకు 4,842 చరణాలు విసుగు పుట్టించవు. అలాంటి గొంతుకు ఆరియోస్తో నవ్వు కూడా పూర్తిగా పట్టుబడదు, ఎందుకంటే సభలో చదివేవాడు నవ్వకూడదు.

జంతువుల పార్లమెంటు

ఇక్కడే నాకు మొదటి ఎదురుదెబ్బ తగిలింది. రోజ్‌కు నవ్వడం రాదని చెప్పడానికి వీల్లేదు. 1819లో ఆయన మరో ఇటాలియన్ కావ్యాన్ని ఇంగ్లీషు చేశాడు. కాస్తి అనే కవి 1802లో వెలువరించిన ‘మాట్లాడే జంతువులు’ అనే వ్యంగ్య కావ్యమది. సింహం రాజు, చుట్టూ మంత్రులు, కుట్రలు, ప్రసంగాలు. రోజ్ దాన్ని బాగా కుదించి, స్వేచ్ఛగా మార్చి, పేరును ‘జంతువుల దర్బారు, పార్లమెంటు’ అని పెట్టాడు. మూలం పేరులో పార్లమెంటు లేదు. దాన్ని చేర్చినవాడు రోజూ ప్రభువుల సభలో బల్ల దగ్గర కూర్చునే గుమాస్తా! ఆయన ఆ మాట రాస్తూ పెదవి బిగించుకుని నవ్వు ఆపుకుని ఉంటాడని ఊహించుకోవడం నాకు ఇష్టం.

మరి కాస్తి దగ్గర అంత చనువు తీసుకున్నవాడు ఆరియోస్తో దగ్గర ఎందుకు చేతులు కట్టుకున్నాడు? వెనిస్‌లో రోజ్ ఉన్న రోజుల్లో ఇంగ్లీషు కవి బైరన్ కూడా అక్కడే ఉన్నాడు. ఆరియోస్తో ఛందస్సును ఇంగ్లీషులో ఎంత అల్లరిగా ఆడించవచ్చో రోజ్ మిత్రుడు జాన్ హుక్‌హామ్ ఫ్రెర్ 1817లోనూ, బైరన్ ఆ వెంటనే 1818, 1819లలోనూ చూపించేశారు. దారి తెరిచే ఉంది. అయినా రోజ్ ఆ దారిన పోలేదు. దీనికి నాకు తోచిన సమాధానం ఒక్కటే. ఆయనకు కాస్తి ఒక పుస్తకం, ఆరియోస్తో ఒక శాసనం. పుస్తకంతో ఆడుకోవచ్చు, శాసనాన్ని చదివి వినిపించాలి. మా పెద్దాయన కూడా చాటుపద్యాలు తెలుగు చేసినప్పుడు ఇష్టం వచ్చినట్టు మార్చేవారు. కాళిదాసు దగ్గరికి వచ్చేసరికి ఒక్క సమాసం విడగొట్టడానికి వారం రోజులు తీసుకునేవారు. ఇది గుమాస్తా బుద్ధే అంటే ఒప్పుకుంటాను. అది చిన్నబుద్ధి అంటే మాత్రం ఒప్పుకోను.

హూల్ దగ్గర ఇరుక్కోవడం

రెండో అభ్యంతరం మరీ ఇబ్బందికరమైనది. రోజ్‌కు ముందు ఆరియోస్తోను 1783లో ఇంగ్లీషు చేసిన జాన్ హూల్ కూడా గుమాస్తాయే. ఈస్టిండియా కంపెనీ లండన్ కార్యాలయంలో లెక్కల విభాగంలో జీవితమంతా గడిపినవాడు. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చిన 1766 నాటికి ఆయన అక్కడే పద్దులు చూసుకుంటున్నాడు. మచిలీపట్నం, శ్రీకాకుళం పేర్లు ఆయన పాళీ కింద నుంచి కూడా వెళ్ళి ఉండవచ్చు. ఆఫీసు మనిషి అనువాదానికి పనికొస్తాడన్నది నా వాదమైతే హూల్ అనువాదం కూడా బాగుండాలి కదా? అది బాగాలేదు. ఆరియోస్తో ఎనిమిది పాదాల చరణాలన్నిటినీ హూల్ రెండేసి పాదాల ద్విపదలుగా సాపు చేశాడు. ఎగుడుదిగుళ్ళు లేని తారురోడ్డు మీద బండి ప్రయాణంలా ఉంటుంది, నిద్రొస్తుంది. మరో ఇటాలియన్ కవి టాసోకు ఆయన చేసిన అనువాదం గురించి నవలాకారుడు వాల్టర్ స్కాట్ తన స్వీయచరిత్రలో చప్పిడి అన్న అర్థం వచ్చే మాటే వాడాడు.

లెక్కల గుమాస్తాకూ చదివే గుమాస్తాకూ తేడా ఉందని చెప్పి తప్పించుకోవచ్చు. ద్విపద అంటే జమాఖర్చుల్లాంటిది, ఈ పక్కా ఆ పక్కా సరిపోతే చాలు. చదివేవాడికి మాట ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఊపిరి పడుతుందో కూడా ముఖ్యం. ఈ వాదన చక్కగా ఉంది. చక్కగా ఉండటమే నాకు దీని మీద అనుమానం. హూల్ కాలంలో చదువుకున్న ఇంగ్లీషువాళ్ళందరి చెవీ ద్విపదకే అలవాటు పడి ఉంది, ఆయన గుమాస్తా అయినా జమీందారైనా అదే రాసేవాడేమో. కాబట్టి నా వాదనను కొంచెం తగ్గించుకుంటాను. ఏ ఉద్యోగమైనా అనువాదకుణ్ణి తయారు చేస్తుందని నేను అనడం లేదు. రోజ్ విషయంలో మాత్రం ఆ ఉద్యోగం చేసిన మేలు పేజీల్లో కనబడుతోందని అంటున్నాను.

1820 వేసవి

రోజ్ ఉద్యోగకాలంలో ప్రభువుల సభ మొత్తం ఒక అనువాద సమస్యగా మారిపోయిన కొన్ని నెలలున్నాయి. నాలుగో జార్జ్ తన భార్య కారొలైన్ రాణిని వదిలించుకోవడానికి 1820లో ప్రభువుల సభలో బిల్లు పెట్టించాడు. ఆమె ఇటలీలో ఉన్నప్పుడు తన ఉద్యోగి బర్తొలొమియో పెర్గామితో సంబంధం పెట్టుకుందన్నది ఆరోపణ. సాక్షులు ఇటాలియన్లు: నౌకర్లు, వంటవాళ్ళు, ఓడ సరంగులు. వాళ్ళు ఇటాలియన్‌లో చెబుతారు, దుబాసీ ఇంగ్లీషులో చెబుతాడు, ప్రభువులు వింటారు. మజోక్కి అనే నౌకరు రాణి తరఫు వకీలు అడిగిన ప్రశ్నలకు ‘నోన్ మి రికోర్దో’, అంటే నాకు గుర్తులేదు, అని పదే పదే చెప్పడంతో ఆ ఇటాలియన్ ముక్క లండన్ వీధుల్లో సామెత అయిపోయింది. ఒక రాణి పరువు ఆ రోజుల్లో అనువాదం మీద వేలాడింది. ఏ క్రియకు ఏ అర్థం, సాక్షి ‘చూశాను’ అన్నాడా ‘చూసినట్టుంది’ అన్నాడా అన్న దాని మీద దేశం తగువులాడింది. చివరికి బిల్లు 108కి 99 ఓట్లతో, అంటే తొమ్మిది ఓట్ల తేడాతో మూడో పఠనం గట్టెక్కాక ప్రభుత్వం భయపడి దాన్ని వదిలేసుకుంది.

ఇటలీలో తిరిగి, వెనిస్ పడతిని పెళ్ళాడి, 1819లో ఉత్తర ఇటలీ నుంచి రాసిన ఉత్తరాల పుస్తకం అచ్చు వేసిన రోజ్ అప్పుడు అదే సభకు ఉద్యోగి. ఆ తరవాత మూడేళ్ళకు ఆరియోస్తో మొదటి సంపుటం వచ్చింది. ఈ రెండింటినీ ముడివేసి ఒక కథ అల్లడం నాకు ఎంతో తేలిక, అందుకే అల్లను. కానీ ‘చట్టం మారిపోయింది’ అన్న మాట ఒకసారి విని ఉన్నవాణ్ణి గనుక, ఆ గదిలో ఇటాలియన్ మాటకు ఎంత బరువు ఉండేదో నాకు ఊహకు అందుతుంది.

చేతికర్ర

ఇప్పుడు అసలైన చిక్కు. రోజ్ 1824లో ఆరోగ్యం చెడి ఉద్యోగం మానేశాడు. పక్షవాతంతో సగం శరీరం మాట వినేది కాదు. పింఛను వచ్చింది. ఎనిమిది సంపుటాల్లో చాలా భాగం ఆ తరవాతే వెలువడింది. అంటే కవిని ఉద్యోగం మింగేసిందన్న మా వక్త మాటకు బలం వచ్చినట్టే కదా: కుర్చీ వదిలాకే కావ్యం కదిలింది. ఈ ప్రశ్న నన్ను చాలారోజులు సతాయించింది. ఇప్పటికీ నా దగ్గర సగం సమాధానమే ఉంది. ఉద్యోగం నేర్పింది, పింఛను తీరిక ఇచ్చింది, జబ్బు కదలనివ్వకుండా బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఎనిమిదో సంపుటం వచ్చేది కాదనుకుంటాను. మూడింటినీ విడదీసి ఒక్కదానికే పూలదండ వేయడం నాకు చేతకావడం లేదు.

నాలుగోది కూడా ఉంది, మనం ఎప్పుడూ మరిచిపోయేది. డేవిడ్ హిన్వ్స్ అనే సేవకుడు. ఆయన వృత్తికి పుస్తకాలు కుట్టేవాడు, మెథడిస్టు బోధకుడి ధోరణి ఉన్నవాడు, రోజ్‌ను అంటిపెట్టుకుని ఉండిపోయాడు. స్కాట్ రాసిన ‘వేవర్లీ’ నవలలో పాటలు పాడుకుంటూ తిరిగే డేవీ గెలాట్లీ పాత్రకు కొన్ని పోకడలు హిన్వ్స్ నుంచి వచ్చాయని స్కాట్ జీవితచరిత్రకారుడు లాక్‌హార్ట్ చెప్పాడు. కాలూ చెయ్యీ సరిగా ఆడని మనిషి ముప్పైయెనిమిది వేల పాదాలు రాశాడంటే పక్కన ఎవరో సిరాబుడ్డి జరిపి ఉండాలి, ఎవరో పుస్తకం పట్టుకుని ఉండాలి.

స్కాట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆయన సంగతీ చెప్పుకోవాలి. ఆయనే రోజ్‌ను ఆరియోస్తో వైపు తోసినవాడు. కుర్రతనంలో గ్రీకు తరగతిలో హోమర్ కన్నా ఆరియోస్తోయే గొప్పవాడని వ్యాసం రాసి ప్రొఫెసర్‌తో చీవాట్లు తిన్నవాడు. 1807లో దక్షిణ ఇంగ్లండు తీరంలో మడెఫర్డ్ దగ్గర రోజ్ కట్టుకున్న గుండిమోర్ అనే సముద్రపుటిల్లుకు అతిథిగా వచ్చాడు. మరుసటి ఏడాది వచ్చిన ‘మార్మియన్’ మొదటి సర్గకు ముందున్న పద్యలేఖ రోజ్‌ను ఉద్దేశించి రాసినదే. స్కాట్ కూడా గుమాస్తాయే, ఎడింబరో న్యాయస్థానంలో కోర్టు క్లర్కు. సాహిత్యం చేతికర్రగా ఉండాలి గానీ చంకకర్రగా ఉండకూడదని ఆయన అనేవాడు. సరదాకు పట్టుకుని నడవాలి, దాని మీదే ఒళ్ళంతా మోపకూడదని. 1826లో అప్పుల్లో మునిగాక ఆయనకు అది చంకకర్రే అయింది, రాసి రాసి ఆరోగ్యం పోగొట్టుకున్నాడు. పక్షవాతం వచ్చిన రోజ్‌కు మాత్రం అది చివరిదాకా చేతికర్రగానే ఉంది. నాకు ఈ పోలికలో స్కాట్ మీద జాలి తప్ప రోజ్ మీద ఈర్ష్య ఏమీ లేదు. ఆ కర్ర ఎవరి డబ్బుతో కొన్నదో కాబెట్ ముందే చెప్పాడు కదా.

ఆరియోస్తో కూడా చెప్పాడు. ముప్పై నాలుగో సర్గలో ఆస్తోల్ఫో అనే వీరుడు చంద్రలోకానికి వెళతాడు. భూమి మీద పోగొట్టుకున్నవన్నీ అక్కడ గుట్టలుగా పడి ఉంటాయి. ప్రేమికుల కన్నీళ్ళు, జూదంలో పోయిన కాలం, తీరని మొక్కులు. కథానాయకుడు ఓర్లాండో పోగొట్టుకున్న మతి ఒక పెద్ద సీసాలో మూత బిగించి ఉంటుంది. ఆ గుట్టల్లో పొట్ట పగిలిన ఈలపురుగులు కూడా ఉంటాయి. అవి ఏమిటంటే, ప్రభువులను పొగుడుతూ రాసిన పద్యాలు. ఫెర్రారాను ఏలిన ఎస్తే వంశపు ప్రభువుల జీతగాడై, వాళ్ళను ఈ కావ్యం నిండా పొగుడుతూ, వాళ్ళ పనుల మీద ఊళ్ళు తిరిగి, 1522 నుంచి మూడేళ్ళు గర్ఫన్యానా అనే కొండప్రాంతానికి దొంగల మధ్య అధికారిగా వెళ్ళిన కవి రాసిన మాట ఇది. తండ్రి పలుకుబడితో వచ్చిన కుర్చీలో కూర్చున్న రోజ్ దాన్ని దించాడు.

మన విద్యాధికారి

దీన్నంతా పరాయిదేశపు వింతగా చదువుకునే అవసరం మనకు లేదు. కొండవీడులో పెదకోమటి వేమారెడ్డి దగ్గర శ్రీనాథుడు విద్యాధికారి. దానశాసనాలకు పద్యాలు కూర్చడం ఆయన ఉద్యోగంలో భాగం. ఫలానా ఊరు, ఫలానా సరిహద్దు, ఫలానా గోత్రం అని తప్పు లేకుండా రాయవలసిన పని. అదే మనిషి శృంగారనైషధం చివర తన అనువాద పద్ధతి చెబుతూ శబ్దాన్ని అనుసరించి, అభిప్రాయాన్ని గుర్తించి, భావాన్ని ఉపలక్షించి, రసాన్ని పోషించి, అలంకారాన్ని భూషించి, ఔచిత్యాన్ని ఆదరించి, అనౌచిత్యాన్ని పరిహరించి, మాతృకానుసారంగా చెప్పానన్నాడు. ఈ వాక్యాన్ని మనం సాహిత్య విమర్శగా పాఠం చెబుతాం. నాకు మాత్రం అందులో ఒక అధికారి దస్త్రం కింద పెట్టిన ధ్రువీకరణ వినిపిస్తుంది: సరిచూశాను, ఇవి ఉంచాను, ఇది తీసేశాను, మూలం ప్రకారం. ‘మీ డుమువులు (డు, ము, వు, లు అనే తెలుగు ప్రత్యయాలు) మీరు తీసుకుని మా నైషధం మాకిచ్చేయండి’ అని పండితులు వెక్కిరించారన్న చాటుకథ కూడా ఆ నమ్మకానికి పడిన మొట్టికాయే. శబ్దాన్ని మరీ అనుసరించాడని వాళ్ళ ఫిర్యాదు. రోజ్ మీద నా ఫిర్యాదు కూడా అలాంటిదే.

అయినా శ్రీనాథుడు డుమువులు మాత్రమే చేర్చలేదని తెలుగు చెవికి తెలుసు. సీసపద్యం నడకలో ఆయన చేసిన పని సంస్కృత నైషధం రాసిన శ్రీహర్షుడి దగ్గర లేదు. నేను ఆరియోస్తో ఒక చరణాన్ని తెలుగు చేద్దామని కూర్చున్నప్పుడు నాకు దొరికిన ఛందస్సు కూడా సీసమే. సీసంలో నాలుగు పాదాలు, ఒక్కోటి రెండుగా విరిగి ఎనిమిది ముక్కలు, కింద ఎత్తుగీతిగా ఒక తేటగీతి. ఆరియోస్తో చివరి జంటప్రాసలో చేసే మలుపు, అంటే అప్పటిదాకా గంభీరంగా సాగిన మాటను చటుక్కున తిప్పి కన్ను గీటడం, తేటగీతిలో చేయవచ్చనిపించింది. చంద్రలోకం చరణం మీద మూడు వారాలు పడ్డాను. ఈలపురుగులు వచ్చాయి, పొట్ట పగలడం వచ్చింది, ప్రభువులూ వచ్చారు. కన్ను గీటడం రాలేదు. రోజ్‌ను తప్పుబట్టిన మనిషిని నేనే కావడంతో ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

1831లో చివరి సంపుటం అచ్చయింది. మూడేళ్ళకు, 1834 అక్టోబరు 16న, ఖజానా వాళ్ళు పాత లెక్కలు గాట్లుగా పెట్టుకున్న కర్రముక్కలను ప్రభువుల సభ కింది పొయ్యిల్లో కాలుస్తుండగా మంటలు రేగి వెస్ట్‌మిన్‌స్టర్ ప్యాలెస్ కాలిపోయింది. రోజ్ చదివిన గది కూడా పోయింది. ఆ ఏడే ఆయన బ్రైటన్‌లో కూర్చుని, మాల్టాలో ఉన్న ఫ్రెర్‌కు ఒక పద్యలేఖ రాసి అచ్చు వేయించాడు. 1843 ఏప్రిల్ చివరి రోజున ఆ ఊళ్ళోనే పోయాడు.

మా పెద్దాయన సభ మర్నాడు బీరువా తాళాలు అప్పగించడానికి వచ్చారు. వక్త మాట ఎలా అనిపించిందని అడిగాను. ఆయన సమాధానం చెప్పకుండా సంచీలోంచి ఒక కట్ట తీసి నా బల్ల మీద పెట్టారు. రద్దయిన బిల్లు ప్రూఫుల వెనకవైపు రాసుకున్న మేఘసందేశం. రామగిరి దగ్గర యక్షుడు మొదటి మబ్బును చూసే శ్లోకానికి నాలుగు పద్యాలున్నాయి. మూడింటిని అడ్డంగా కొట్టేశారు. నాలుగోదాని పక్కన ఎర్రపెన్సిలుతో, ప్రూఫు మీద పెట్టినట్టే ఒక టిక్కు, దాని కింద పొట్టి సంతకం, తేదీ. కాగితం తిప్పి చూశాను. అటువైపు మునిసిపల్ పన్నుల బిల్లులో ఏడో క్లాజు, అదే పెన్సిలుతో ‘జరుపును’ కొట్టేసి ‘జరుపవచ్చును’ అని రాసి ఉంది.